పాత కంప్యూటరుకు పునర్జీవము: పంచాయతీల కర్తవ్యము

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)

పొలము పనులు ఒకనాటికి ప్రక్కన పెట్టి వచ్చినారు. మీ కాలమును వృథా చేయను.

నేను నేడు మనవి చేయదలచిన విషయము చూచుటకు చిన్నది. మీ పంచాయతీ కార్యాలయమున ఒక మూల, లేదా పాఠశాలలో బీరువా ప్రక్కన, లేదా గ్రంథాలయపు బల్ల మీద, గుడ్డ కప్పి ఉంచిన పాత కంప్యూటరు ఒకటి ఉండును. పది పన్నెండేండ్ల క్రిందట అది వచ్చిన నాడు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి ఆహ్వానించినాము. నేడు దానిని తెరచినచో తెర వెలుగుటకు పది నిమిషములు పట్టుచున్నది. "ఇది ఇక పనికిరాదు, తూకానికి అమ్మివేయుదము" అని ఎవరో ఒకరు అందురు. తక్కిన వారు తల ఊపుదురు.

ఆ విధముగా తల ఊపుటకు ముందు కొంత ఆలోచింపవలెనని నా మనవి. యంత్రము నిజముగా చెడినదా? చెడనిచో దానిని తిరిగి నడిపించు మార్గము ఏది? దానిలో దాగిన ఊరి సమాచారము ఏమగును? ఈ మూడు ప్రశ్నలను గూర్చియే నా ప్రసంగము.

యంత్రము ముసలిదా, ప్రోగ్రాము బరువైనదా?

మిర్యాలగూడ నుండి వచ్చిన మిత్రులకు బియ్యపు మిల్లును గూర్చి నేను చెప్పవలసిన పని లేదు. మిల్లులో రబ్బరు రోలర్లు అరిగిపోవును, వాటిని మార్చుదుము. బెల్టు తెగును, కొత్తది వేయుదుము. రోలరు అరిగినదని మిల్లును పాత ఇనుముగా అమ్ముకొన్న యజమానిని నేను చూడలేదు. కంప్యూటరు విషయమున మాత్రము మనము సరిగా అట్టి పనియే చేయుచున్నాము.

కంప్యూటరులో కంటికి కనిపించు భాగములు ఒక ఎత్తు. వాటిని నడిపించు ప్రోగ్రాములు మరియొక ఎత్తు. ఆ ప్రోగ్రాములన్నింటికి పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్. ఇల్లు కట్టునపుడు కూలీలకు, తాపీవారికి, వడ్రంగికి పని పంచి ఇచ్చు మేస్త్రీ వంటిది అది. మనలో చాలమంది ఎరిగిన ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్. దీనిని తయారుచేయు సంస్థ కొన్ని ఏండ్ల కొకసారి కొత్తది విడుదల చేసి, పాతదానికి భద్రతా సవరణలు ఇచ్చుట ఆపివేయును. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 10కి కొంతకాలము అదనపు సవరణలు పొందు ఏర్పాటు ఉన్నను, అది తాత్కాలికమే.

"అట్లయిన విండోస్ 11 వేసికొందుము" అని మీరు అనవచ్చును. 2021లో వచ్చిన ఆ వ్యవస్థకు కనీసము 4 గిగాబైట్ల మెమరీయే గాక, టీపీఎమ్ 2.0 అను భద్రతా సాధనము, ఆమోదిత జాబితాలోని ప్రాసెసరు ఉండవలెను. 2017కు ముందు కొన్న యంత్రములలో అత్యధికము ఆ జాబితాలో లేవు. కనుక మీటలు, తెర, మోటారు అన్నియు బాగుగనే ఉన్నను, లక్షలాది యంత్రములు ఒక తేదీతో "పాతవి" అయినవి. వాటిని అట్లే వాడుచు ఇంటర్నెటుకు కలుపుట, తలుపునకు గడియ లేని ఇంటిలో ధాన్యము నిలువ చేయుట వంటిది.

ఇచ్చట మనకు అక్కరకు వచ్చునది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు.

కాలువ నీరు వంటి విద్య

నాగార్జునసాగరు ప్రాజెక్టునకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచినారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టినారు. ఆ కాలువ క్రింద సేద్యము చేయు వారికి ఒక సత్యము తెలియును. గట్టునకు బుంగ పడినపుడు అది ఎవరి పొలము దగ్గర పడినదను ప్రశ్న లేదు. మొదట చూచిన వాడు కేక వేయును. దగ్గర ఉన్నవాడు మట్టి బస్తా వేయును. గట్టు అందరికి కనిపించును గనుకనే అది సాధ్యమైనది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఇట్టిదే. దాని నిర్మాణ రహస్యము, అనగా సోర్సు కోడు, అందరికి తెరచి ఉంచబడును. ఎవరైనను చదువవచ్చును, లోపము కనిపించినచో సవరింపవచ్చును, తన అవసరమునకు మార్చుకొనవచ్చును, ఇతరులకు ప్రతి ఇవ్వవచ్చును. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను పేర ఈ ఉద్యమమునకు నాంది పలికినారు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను కెర్నెల్‌ను లోకమునకు విడుదల చేసినారు. ఈ రెండింటి కలయికతో ఏర్పడిన ఆపరేటింగ్ సిస్టములు నేడు ప్రపంచమున అత్యధిక సర్వర్లను నడుపుచున్నవి. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనునకు సైతము మూలము లినక్స్ కెర్నెలే. కనుక ఇది మనకు తెలియని వింత వస్తువు కాదు. తెలియకుండగనే మనము వాడుచున్నది.

లినక్స్ ఒక్కటే అయినను దానిని కట్టి కూర్చి అందించు సమూహములు అనేకము. డెబియన్ 1993 నుండి ఉన్నది. స్వచ్ఛంద సేవకులు దానిని నడుపుదురు. ఉబుంటు, లినక్స్ మింట్, యాంటిఎక్స్ మొదలైనవి డెబియన్ పునాది మీద నిర్మింపబడినవి. వీటికి రుసుము లేదు. ఏటేటా లైసెన్సు కొనవలసిన పని లేదు. ఒక పెన్‌డ్రైవుతో పది ఊళ్ళ యంత్రములకు వేసికొన్నను తప్పు కాదు. అట్లు పంచుకొనుటయే దాని ధర్మము.

తెలుగున పని జరుగునా?

గ్రామమున ఈ ప్రశ్నయే ముందు వచ్చును, రావలయును గూడ. మన పుస్తకములు, మన అర్జీలు, మన తీర్మానములు తెలుగున ఉండవలెను.

ఈ విషయమున మన రాష్ట్రము వెనుకబడి లేదు. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను సంస్థ 2005లో డెబియన్ ఆధారముగా, మెనూలు తెలుగున కనిపించు ఆపరేటింగ్ సిస్టమును విడుదల చేసినది. పిల్లల కొరకు బాల స్వేచ్ఛ అను కూర్పును రూపొందించినది. ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు వేల సంఖ్యలో ఆ ఉద్యమమున పాల్గొనినారు. అక్షరముల విషయమున తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించిన పోతన, వేమన అను యూనికోడ్ అక్షరరూపములను డెబియన్ నుండి ఎవరైనను ఉచితముగా పొందవచ్చును. మన లిపికి యూనికోడ్ ప్రమాణమున 1991లోని మొదటి కూర్పు నుండియే స్థానము కలదు. టైపు చేయుటకు ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్టు పద్ధతియు, ఆంగ్ల మీటలతో ఉచ్చారణ ననుసరించి తెలుగు వ్రాయు పద్ధతియు రెండును ఉన్నవి.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలెను. యూనికోడ్ వ్యాప్తికి రాక పూర్వము డీటీపీ కేంద్రములలో అను మొదలైన పాత అక్షరరూపములతో టైపు చేసిన ఫైళ్ళు కొత్త వ్యవస్థలో తెరచినచో అర్థము లేని గీతలుగా కనిపించును. అవి చెడిపోలేదు, భాష మారినది. వాటిని యూనికోడ్‌లోనికి మార్చు ఉచిత సాధనములు కలవు. మార్చిన పిమ్మట ప్రతి పేరును, ప్రతి అంకెను మూలముతో సరిచూడవలెను.

ఇతర ప్రాంతముల అనుభవమును గూడ తలచుకొందము. కేరళ రాష్ట్రమున 2001లో ప్రారంభమై, 2017లో కైట్ అను సంస్థగా మారిన ఐటీ ఎట్ స్కూల్ పథకము ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదనే నడిపించినది. మలయాళమున పనిచేయు కూర్పును ఉపాధ్యాయులకు, పిల్లలకు అందించినది. స్పెయిన్ దేశమున పోర్చుగల్ సరిహద్దున ఎక్స్‌ట్రెమదూర అను ప్రాంతము కలదు. అది పరిశ్రమలు తక్కువగా ఉన్న వ్యవసాయ సీమ. ఆ ప్రాంతీయ ప్రభుత్వము 2002లో డెబియన్ ఆధారముగా లినెక్స్ అను తన స్వంత కూర్పును పాఠశాలలకు పంచినది. ధనము తక్కువైన చోట బుద్ధిని పెట్టుబడిగా పెట్టిన వారి దృష్టాంతములివి.

ఏ యంత్రమునకు ఏ కూర్పు?

వైద్యుడు నాడి చూడక మందు ఇయ్యడు. యంత్రమును మొదట పరీక్షింపవలెను. చూడవలసినవి నాలుగు.

మొదటిది ప్రాసెసరు. అది 32 బిట్లదా, 64 బిట్లదా అని తెలిసికొనవలెను. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో, ఆ తరువాతి డెస్క్‌టాప్ యంత్రములు దాదాపుగా అన్నియు 64 బిట్లవే. లోపలి విండోస్ 32 బిట్లది అయినంత మాత్రమున యంత్రము 32 బిట్లది కాదు. సిస్టమ్ వివరములలో "ఎక్స్ 64 ఆధారిత ప్రాసెసర్" అని ఉన్నచో అది 64 బిట్ల యంత్రమే. ఈ భేదమెరుగక మంచి యంత్రములను పారవేసిన వారున్నారు. 2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13లో 32 బిట్ల పీసీలపై కొత్తగా స్థాపించు వీలు లేదు. అట్టి ముసలి యంత్రములకు డెబియన్ 12 గాని, దాని ఆధారముగా వచ్చిన యాంటిఎక్స్ 23 గాని వాడుకొనవలెను.

రెండవది మెమరీ, అనగా ర్యామ్. 1 గిగాబైటు మాత్రమే ఉన్నచో యాంటిఎక్స్ వంటి తేలిక కూర్పు తగును. 2 గిగాబైట్లున్నచో ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ వంటి తేలిక తెరలు గల కూర్పులు నడచును. 4 గిగాబైట్లున్నచో లినక్స్ మింట్ వంటి సంపూర్ణ కూర్పు సుఖముగా నడచును; విండోస్‌కు అలవాటు పడిన వారికి అది కొత్తగా తోచదు.

మూడవది హార్డ్ డిస్కు. పాత డిస్కు తిరుగునపుడు కటకట శబ్దము చేయుచున్నచో దానిని నమ్మరాదు. దాని స్థానమున సాటా రకపు ఎస్ఎస్‌డీని అమర్చినచో, తక్కిన ఏ మార్పు చేయకున్నను యంత్రము వేగము స్పష్టముగా పెరుగును. ఈ భాగములు పట్టణములలోని దుకాణములలో దొరకును. పాత రకపు ర్యామ్ కావలసివచ్చినచో సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట వెదకవలెను.

నాలుగవది, అందరు మరచునది, మదర్‌బోర్డు మీది చిన్న సెల్లు. సీఆర్ 2032 అను రూపాయి బిళ్ళ వంటి 3 వోల్టుల సెల్లు అది. దాని బలము తగ్గినచో యంత్రము ఆపివేసినప్పుడెల్ల తేదీ వెనుకకు పోవును. తేదీ తప్పినచో బ్రౌజరు ప్రభుత్వ వెబ్‌సైటును సైతము "భద్రము కాదు" అని తెరువదు. "లినక్స్ పనిచేయుటలేదు" అను ఫిర్యాదు వచ్చిన కొన్ని చోట్ల సెల్లు మార్చుటతో వ్యాధి కుదిరినది.

వీటితో పాటు పెట్టె మూత తీసి, కరెంటు తీగ ఊడదీసిన పిమ్మట, దుమ్ము తుడువవలెను. ఫ్యానునకు దుమ్ము పట్టినచో ఏ కూర్పు వేసినను యంత్రము వేడెక్కి ఆగిపోవును.

నేను చేసిన తప్పు

ఇక ముఖ్యమైన మాట చెప్పెదను. ఇది నేను పుస్తకములో చదివినది కాదు. నా చేతితో చేసిన తప్పు.

కొన్ని ఏండ్ల క్రిందట ఒక గ్రామమునకు ప్రచార కార్యక్రమము మీద పోయితిని. అచ్చట ఒక పాత కంప్యూటరు మూలబడి ఉన్నది. నాకు ఈ విద్య కొంత తెలియునను ఉత్సాహము చేత, పెన్‌డ్రైవు పెట్టి, ఒక గంటలో కొత్త వ్యవస్థ వేసి చూపెదనంటిని. పిల్లలు చుట్టును మూగినారు. స్థాపన మధ్యలో తెర మీద ఒక ప్రశ్న వచ్చును: డిస్కు మొత్తము తుడిచివేయుమందువా, లేక పాతదాని ప్రక్కన చోటు చేయుమందువా అని. దానిలో ఏమియు లేదని ఎవరో అన్నారు. నేను మరియొకసారి అడుగక "తుడుచుము" అను మీటను నొక్కితిని. యంత్రము చక్కగా నడచినది. అందరు చప్పట్లు కొట్టినారు.

మరునాడు ఒక వార్డు సభ్యురాలు వచ్చినది. "సారూ, పింఛన్ల దరఖాస్తుల పేర్లు అన్ని ఆ పెట్టెలనే ఉండె గద!" అన్నది. ఆమె కంఠమున కోపము లేదు. దిగులు మాత్రమే ఉన్నది. వృద్ధుల, వితంతువుల పేర్లు, వయస్సులు, బ్యాంకు వివరములు ఒక యువకుడు కూర్చుండి టైపు చేసినాడట. మరియొక ప్రతి లేదు. తరువాత నేనును, ఆ యువకుడును ఇల్లిల్లు తిరిగి తిరిగి వ్రాసికొన్నాము. కొందరు కూలికి పోయి సాయంత్రము గాని దొరకలేదు. ఒక వృద్ధురాలు తన ఆధారు కార్డును మూడవసారి పెట్టెలో నుండి తీయుచు, "మళ్ళ ఎందుకు బిడ్డా?" అని అడిగినది. ఆమెకు సమాధానము చెప్పుట నా ఉద్యోగ జీవితమున కష్టమైన పనులలో ఒకటి.

నాటి నుండి నాకొక నియమమున్నది. దానినే మీకు అప్పగించుచున్నాను. యంత్రము కన్న దానిలోని సమాచారము విలువైనది. యంత్రము ప్రభుత్వము మరల ఇయ్యవచ్చును, వ్రాతలు ఊరివి.

కనుక స్థాపనకు ముందు సమస్తమైన ఫైళ్ళను రెండు ప్రతులుగా తీయవలెను. ఒక ప్రతి కార్యాలయమున, రెండవ ప్రతి వేరొక భవనమున ఉండవలెను. ప్రతి తీసిన డ్రైవును మరియొక యంత్రమున పెట్టి, ఫైళ్ళు తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. తెరచి చూడని ప్రతి, ప్రతి కాదు. "దీనిలో ఏమున్నది?" అని కార్యదర్శిని, ఆపరేటరును, పాత సర్పంచును, ఆ యంత్రమును వాడిన ప్రతి ఒక్కరిని అడిగి, వారు చెప్పినది కాగితము మీద వ్రాసి, అందరి సంతకములు తీసికొనవలెను.

స్థాపించు క్రమము

పని క్రమము కష్టమైనది కాదు. పదవ తరగతి చదివిన పిల్లలు చేయగలరు. అయినను పెద్దలు దగ్గర ఉండవలెను.

8 గిగాబైట్లు గల పెన్‌డ్రైవు ఒకటి తీసికొనవలెను. దానిలోని పాత సమాచారము పోవునని గుర్తుంచుకొనవలెను. ఎంచుకొన్న కూర్పును దాని అధికారిక వెబ్‌సైటు నుండియే దించుకొనవలెను. ఆ వెబ్‌సైటులో ఫైలు ప్రక్కన పొడవైన అక్షరాంకముల వరుస ఒకటి ఇచ్చెదరు. అది ధాన్యపు బస్తా మీది సీలు వంటిది. దించుకొన్న ఫైలునకు లెక్క కట్టినపుడు అదే వరుస వచ్చినచో బస్తా మార్గమధ్యమున విప్పబడలేదని అర్థము. పిమ్మట రూఫస్ వంటి ఉచిత సాధనముతో దానిని పెన్‌డ్రైవునకు ఎక్కించవలెను.

పెన్‌డ్రైవును పాత యంత్రమునకు తగిలించి, మీట నొక్కిన వెంటనే ఎఫ్ 12, ఎఫ్ 2 లేదా డిలీట్ మీటను నొక్కినచో, యంత్రము ఎందులో నుండి ప్రారంభము కావలెనని అడుగు తెర వచ్చును. పెన్‌డ్రైవును ఎంచుకొనవలెను. లైవ్ కూర్పు అయినచో, కొత్త వ్యవస్థ పెన్‌డ్రైవు నుండియే నడచును; డిస్కులో ఏమియు మారదు. ఇది పెండ్లికి ముందు చూపుల వంటిది. రెండు మూడు దినములు అట్లే వాడి చూడుడు. తెర సరిగా ఉన్నదా, ధ్వని వచ్చుచున్నదా, వైఫై తగులుచున్నదా, ప్రింటరు కాగితము తీయుచున్నదా పరీక్షింపుడు. తృప్తి కలిగిన పిమ్మట మాత్రమే స్థాపనకు పూనుకొనుడు. కరెంటు పోవు వేళలలో ఈ పని చేయరాదు.

స్థాపించిన పిమ్మట తెలుగు భాషను, తెలుగు మీటలను చేర్చవలెను. ఉత్తరములకు, లెక్కల పట్టికలకు లిబ్రె ఆఫీసు అను ఉచిత ప్రోగ్రాము కలదు. భద్రతా సవరణలను వారమున కొకసారియైనను తీసికొనవలెను.

దీనికి గల హద్దులు

ప్రచారాధికారిని గనుక మంచి మాత్రమే చెప్పి పోవుదునని మీరు అనుకొనరాదు. హద్దులు కలవు.

పంచాయతీ లెక్కలు నడచు యంత్రమును తొందరపడి మార్చకుడు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్ బ్రౌజరులో తెరచుకొనును గాని, చెల్లింపులపై డిజిటల్ సంతకము చేయు టోకెనుకు, దానితో పనిచేయు సహాయక ప్రోగ్రామునకు లినక్స్ కూర్పు ఉన్నదో లేదో ముందుగా విచారింపవలెను. వేలిముద్ర యంత్రములు, కొన్ని రకముల ప్రింటర్లు, స్కానర్లు విండోస్ తోడనే పనిచేయును. ఒక్క దినము బిల్లు ఆగినను పారిశుధ్య కార్మికుని వేతనము ఆగును. కనుక లెక్కల యంత్రమును ఉన్నట్లే ఉంచి, మూలబడిన రెండవ యంత్రమునకు పునర్జీవము పోయుడు. అది పాఠశాల పిల్లలకు, గ్రంథాలయమునకు, అర్జీలు టైపు చేయుటకు, సభల తీర్మానములు వ్రాయుటకు ఉపయోగపడును.

పాత యంత్రము కొత్తదానివలె పరుగెత్తదు. నేటి వెబ్‌సైటులు బరువైనవి. ఒకేసారి పది కిటికీలు తెరచినచో 2 గిగాబైట్ల యంత్రము ఆయాసపడును. కరెంటు ఖర్చును గూడ లెక్కింపవలెను. 100 వాట్లు తీసికొను యంత్రము 10 గంటలు నడచినచో ఒక యూనిటు కాలును. మదర్‌బోర్డు మీది చిన్న డబ్బాల వంటి కెపాసిటర్లు ఉబ్బినచో, ఆ యంత్రము మీద ధనము వెచ్చింపకుడు. చావు సహజమైన చోట వైద్యము వృథా.

అట్టి యంత్రమును పంపివేయుటకును పద్ధతి కలదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన ఈ-వ్యర్థముల నిర్వహణ నియమావళి, 2022 ప్రకారము ఇట్టి వస్తువులు రిజిస్టరు అయిన రీసైక్లర్లకు చేరవలెను. పాత లావు మానిటర్ల గాజులో సీసము ఉండును. దానిని పగులగొట్టి చెరువు గట్టున పారవేయుట మన నీటిలో మనమే విషము కలుపుకొనుట. అంతకన్న ముఖ్యము, డిస్కులోని సమాచారము. ఫైలును చెత్తబుట్టలో వేసినంత మాత్రమున అది చెరిగిపోదు. తెలిసినవాడు తిరిగి తీయగలడు. మన ఊరి వారి ఆధారు ప్రతులు, బ్యాంకు ఖాతాలు తూకపు సామానుతో పాటు అపరిచితుల చేతులలో పడవచ్చును. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము సంగతి ఎట్లున్నను, మనలను నమ్మి కార్డు చేతికిచ్చిన వృద్ధురాలి సంగతి తలచుకొనుడు. లినక్స్ పెన్‌డ్రైవుతోనే డిస్కు అంతటను సున్నాలు వ్రాసి పూర్తిగా చెరుపవచ్చును. అది చేయలేనిచో డిస్కును ఊడదీసి కార్యాలయముననే భద్రపరచుడు.

ఎవరి బాధ్యత?

చేతి పంపు వేయించుట ఒక పని. దానికి వాషరు వేయువాడు ఊరిలో ఉండుట మరియొక పని. రెండవది లేనిచో మొదటిది మూడు నెలల ముచ్చట.

కావున ఈ పనిని ఒక వ్యక్తి ఉత్సాహముగా గాక, పంచాయతీ తీర్మానముగా చేయుడు. ఏ యంత్రము, ఏ తేదీన, ఏ కూర్పుతో మారినది, సమాచారపు ప్రతులు ఎచ్చట ఉన్నవి అను వివరములను స్టాకు రిజిస్టరులో వ్రాయుడు. ఊరిలో ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ చదువుచున్న యువతీ యువకులను ఇద్దరిని ఎంచుకొనుడు. ఒకరు ఉద్యోగమునకు పోయినను రెండవ వారు ఉందురు. వారిలో ఒక ఆడపిల్ల ఉండునట్లు చూడుడు. యంత్రపు పాస్‌వర్డును కాగితము మీద వ్రాసి, కవరులో పెట్టి, సీలు వేసి, బీరువాలో ఉంచుడు. పాస్‌వర్డు ఒక్కరి జ్ఞాపకముననే ఉన్న యంత్రము ఊరి యంత్రము కాదు, ఆ ఒక్కరి యంత్రము. పొరుగు పంచాయతీలతో కలిసి పనిచేయుడు. కోదాడ ప్రక్క ఊరిలో తెలిసిన చిట్కా సూర్యాపేట ప్రక్క ఊరికి ఒక ఫోను దూరముననే ఉన్నది.

సోదర సోదరీమణులారా! కొత్త కంప్యూటర్లు మన ఊళ్ళకు రావలెను, వచ్చును గూడ. వాటిని కోరుట మానుకొనుడని నేను చెప్పుట లేదు. ఉన్నదానిని నిలుపుకొన్నవానికి వచ్చినదానిని కాపాడుకొను విద్య తానుగా అలవడును. రేపు మీరు ఊరికి పోయి, ఆ మూలనున్న యంత్రము మీది గుడ్డ తీయుడు. మీట నొక్కుటకు ముందు, కార్యదర్శిని పిలిచి ఒక్క ప్రశ్న అడుగుడు: "దీనిలో ఏమున్నది?" సమాధానము కాగితము మీద వ్రాసిన పిమ్మట తక్కిన పని మొదలు పెట్టుడు.